ఒకే టవర్ మీద నాలుగు బ్యాక్‌హాల్ రేడియోలు: ఒకదాని పని ఇంకొకటి చెడగొట్టకుండా

(చిన్న పట్టణాల్లో, పల్లెల్లో వైర్‌లెస్ ఇంటర్నెట్ నడిపేవాళ్ళకి ఇచ్చిన శిక్షణ ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి బోర్డు కనబడుతోందా? కనబడకపోతే ముందుకొచ్చి కూర్చోండి. ఇవాళ అంకెలతో పని ఎక్కువ.

సంగతి ఇది. ఒక టవర్ ఉంది. దాని మీద నుంచి నాలుగు దిక్కులకీ నాలుగు లింకులు, అంటే ఊరి నుంచి ఊరికి ఇంటర్నెట్ మోసే బ్యాక్‌హాల్ రేడియో జతలు, వెళ్ళాలి. మొదటి లింకు పెట్టిన రోజున బ్రహ్మాండంగా నడిచింది. రెండోది పెట్టాం, మొదటిది కాస్త తగ్గింది. మూడోది పెట్టాక రాత్రి ఎనిమిది దాటితే ఏదో ఒకటి పడిపోతోంది. పొద్దున్నే చూస్తే అన్నీ పచ్చగా ఉన్నాయి. ఈ బాధ ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ ఎత్తారు.

ఇలా జరగ్గానే మనం ఏమంటాం? "బయట నాయిస్ పెరిగిపోయిందండీ, ఊళ్ళోకి ఇంకో ఆపరేటర్ వచ్చాడు" అంటాం. వచ్చి ఉండొచ్చు, కాదనను. కానీ ముందు ఒక్క ప్రశ్న. మీ రేడియోకి అన్నిటికంటే దగ్గర్లో ఉన్న ట్రాన్స్‌మిటర్ ఎవరిది? ఊరవతల వాడిదా? మూడు మీటర్ల కింద మీ చేత్తో మీరే బిగించిన రెండో రేడియోదా? బయటివాణ్ణి అనే ముందు మన టవర్ మీద మన రేడియోల లెక్క తేల్చుకోవాలి. ఇవాళ నేను చెప్పేదంతా ఆ లెక్కే.

సరే, బోర్డు చూడండి. 5.8 గిగాహెర్ట్జ్. 10 కిలోమీటర్ల లింకు. రెండు చివర్లా 60 సెంటీమీటర్ల డిష్‌లు, ఒక్కొక్కటి సుమారు 28.5 డీబీఐ గెయిన్. గెయిన్ అంటే డిష్ సిగ్నల్‌ని తన దిక్కుకి ఎంత పోగుచేస్తుందో ఆ కొలత. డీబీ అంటే రెట్ల లెక్క, 10 డీబీ అంటే పది రెట్లు. డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్. పవర్ ఎంత పెట్టాలి? మన దేశంలో 2018 నోటిఫికేషన్‌తో 5 గిగాహెర్ట్జ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌కి లైసెన్స్ అక్కర్లేకుండా చేశారు. 5150 నుంచి 5350 వరకు, 5470 నుంచి 5875 వరకు. లైసెన్స్ లేదన్నారు కానీ హద్దు లేదనలేదు. 5725 నుంచి 5875 మధ్య ఈఐఆర్‌పీ 36 డీబీఎం దాటకూడదు. ఈఐఆర్‌పీ అంటే రేడియో పవర్, డిష్ గెయిన్ కలిపిన మొత్తం. మిగతా ముక్కల్లో హద్దులు వేరుగా ఉన్నాయి, నోటిఫికేషన్‌లో పట్టిక చూసుకోండి. రేడియోకి ఈటీఏ, అంటే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్, ఉందో లేదో కూడా కొనేముందే చూసుకోండి.

36 లోంచి 28.5 తీసేస్తే? ఏడున్నర. మనం 7 డీబీఎం పెడదాం. ఇక్కడ కొందరు ముఖాలు చూస్తున్నారు, "ఏడేనా?" అని. అవును, ఏడే. రేడియోలో 25 దాకా ఉందని 25 పెట్టేయడం చట్టానికీ విరుద్ధం, మన టవర్‌కీ చేటు. రెండో మాట ఎందుకన్నానో ఇప్పుడే తేలుతుంది.

10 కిలోమీటర్లకి గాల్లో పోయే నష్టం సుమారు 128 డీబీ. 7కి 28.5, ఇంకో 28.5 కలిపి, 128 తీసేయండి. మైనస్ 64 డీబీఎం. అవతలి ఊరి నుంచి మనకి వచ్చే సిగ్నల్ ఇది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మైనస్ 64.

40 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో ఉష్ణ శబ్దం, అంటే వేడి వల్ల ఎలాగూ ఉండే నాయిస్, మైనస్ 98. రేడియో తన సొంత నాయిస్ ఒక 5 డీబీ కలుపుతుంది. మైనస్ 93. 93 లోంచి 64 పోతే 29 డీబీ. అంటే ఈ లింకు ఒంటరిగా ఉంటే 29 డీబీ ఎస్ఎన్ఆర్‌తో, అంటే నాయిస్ కంటే సిగ్నల్ అంత పైన ఉండి, నడుస్తుంది. సిగ్నల్ మీద డేటా ఎక్కించే పద్ధతిని మాడ్యులేషన్ అంటాం. క్వామ్ అలాంటిదే, అంకె పెద్దదైతే డేటా ఎక్కువ, ఎస్ఎన్ఆర్ కూడా ఎక్కువ కావాలి. 64 క్వామ్ హాయిగా పట్టేస్తుంది, 256 క్వామ్‌కి కొంచెం తక్కువ. ఇంతవరకు బాగుంది కదా?

ఇప్పుడు అదే టవర్ మీద మూడు మీటర్ల కింద, దీనికి వీపు తిప్పి, ఇంకో డిష్. దాని పవర్ కూడా 7. 60 సెంటీమీటర్ల మామూలు డిష్‌కి ముందు వైపుకీ వెనక వైపుకీ తేడా ఒక 28 డీబీ అనుకోండి. అంటే వెనక్కి దాని గెయిన్ దాదాపు సున్నా. మన డిష్ వెనక నుంచి వినేది కూడా సున్నా గెయిన్‌తోనే. మధ్యలో మూడు మీటర్లు. మూడు మీటర్లకి గాల్లో నష్టం 57 డీబీ. 7 లోంచి 57 పోతే మైనస్ 50.

మళ్ళీ చెబుతాను. పది కిలోమీటర్ల నుంచి మనకి కావలసిన సిగ్నల్ మైనస్ 64. మూడు మీటర్ల నుంచి మనకి అక్కర్లేని సిగ్నల్ మైనస్ 50. అక్కర్లేనిదే 14 డీబీ ఎక్కువ. పవర్‌లో పాతిక రెట్లు. జాతరలో లౌడ్‌స్పీకర్ కింద నిలబడి ఫోన్‌లో మాట్లాడినట్టే ఇది. ఇంత దగ్గర్లో, చుట్టూ ఇనుము ఉన్నచోట ఈ లెక్క అచ్చంగా కుదరదు, అయిదు పది డీబీలు అటూ ఇటూ అవుతుంది. అయినా ఎక్కడున్నామో అర్థమైంది కదా?

"ఛానెల్ వేరు పెట్టామండీ, ఇంకేం?" అంటారు. ఇక్కడే అందరూ మోసపోయేది. ఛానెల్ వేరు పెడితే అవతలి రేడియో శబ్దం ఆ ఛానెల్ గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోదు. పక్కలకి కారుతుంది. ఎంత కారొచ్చో ప్రమాణంలో రాసి ఉంది. 802.11, అంటే వైఫై ప్రమాణం, రేడియో 40 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంటే, ఛానెల్ మధ్య గీత నుంచి 21 మెగాహెర్ట్జ్ దూరంలో 20 డీబీ తగ్గితే చాలు. 40 దూరంలో 28 డీబీ. 60 దూరంలో 40 డీబీ. మంచి రేడియోలు ఇంతకంటే బాగానే ఉంటాయి, కానీ లెక్క వేసేటప్పుడు ఈ అంకెలే పట్టుకోండి.

అయితే పక్క ఛానెల్ ఆనించి పెడితే ఏమవుతుంది? మైనస్ 50 లోంచి సగటున 25 తగ్గిందనుకోండి, మైనస్ 75 మన ఛానెల్‌లోకి వచ్చి పడుతుంది. మన సిగ్నల్ మైనస్ 64. మిగిలింది 11 డీబీ. 29 డీబీ ఉండాల్సిన లింకు 11కి పడిపోయింది. 64 క్వామ్ నుంచి, చాలా తక్కువ డేటా మోసే క్యూపీఎస్‌కే మాడ్యులేషన్‌కి. ఛానెల్ వేరే, అయినా ఇదీ ఫలితం.

మధ్యలో ఒక పూర్తి ఛానెల్ ఖాళీ వదిలితే? అప్పుడు కారేది 40 డీబీ తగ్గి మైనస్ 90 అవుతుంది. మన నాయిస్ మైనస్ 93. రెండూ కలిస్తే సుమారు మైనస్ 88. ఎస్ఎన్ఆర్ 24. పర్వాలేదు, కానీ 29 కాదు. ఇంకో 9, 10 డీబీ ఎక్కడి నుంచైనా తేగలిగితే పక్క రేడియో ఉన్నట్టే తెలియదు. ఆ 10 డీబీ ఎక్కడి నుంచి తేవాలి? నాలుగు చోట్ల నుంచి తేవచ్చు: పవర్, డిష్, బిగింపు, సమయం.

పవర్ సంగతి ముందు. ఇప్పుడు మన లెక్కలో పక్క రేడియో 7కి బదులు 25 పెట్టిందనుకోండి, "సిగ్నల్ బాగా రావాలి" అని. మనకి వచ్చేది మైనస్ 32. 802.11 ప్రమాణం ప్రకారం 5 గిగాహెర్ట్జ్ రిసీవర్ తట్టుకోవాల్సిన గరిష్ఠ సిగ్నల్ మైనస్ 30. అంటే దాదాపు అంచుమీద ఉన్నాం. అక్కడ ఛానెల్ ఎంత దూరం పెట్టినా లాభం లేదు, రిసీవర్ ముందరి యాంప్లిఫయరే ఉక్కిరిబిక్కిరైపోతుంది. రేడియో లోపలి ఛానెల్ ఫిల్టరు కాపాడలేదు. ఇక అందరూ చేసేదేమిటి? మన లింకు తగ్గిందని మనమూ పెంచుతాం. వాడు ఇంకా పెంచుతాడు. ఎక్కడ ఆగుతుందది?

అందుకని ప్రతి లింకుకీ లక్ష్యం పెట్టుకోండి. కావలసిన మాడ్యులేషన్‌కి ఎంత సిగ్నల్ కావాలో అంత, దాని మీద వానకీ డిష్ కదలికకీ ఒక అయిదారు డీబీ. అంతే. 3 కిలోమీటర్ల లింకుకీ 10 కిలోమీటర్ల లింకుకీ దూరంలో తేడా పదిన్నర డీబీ. మరి రెండిటికీ ఒకే పవర్ ఎందుకు? చిన్న లింకు పవర్ 10 డీబీ తగ్గించండి, రెండు చివర్లా. ఆటోమేటిక్ పవర్ కంట్రోల్ ఉంటే దానికి లక్ష్యం అంకె ఇచ్చి వదలండి. దీనికి పైసా ఖర్చు లేదు. టవర్ కూడా ఎక్కక్కర్లేదు. కుర్చీలో కూర్చుని చేసే పని. అయినా చాలామంది చెయ్యరు!

ఇక డిష్. ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క, కాస్త నిదానంగా చూద్దాం. 60 బదులు 90 సెంటీమీటర్ల డిష్ పెట్టారనుకోండి, రెండు చివర్లా. గెయిన్ 32 అవుతుంది. ఈఐఆర్‌పీ 36 దాటకూడదు కాబట్టి రేడియో పవర్ నాలుగుకి దించాలి. అవతలికి వెళ్ళే సిగ్నల్ అంతే ఉంది, కానీ వినే డిష్ పెద్దది కాబట్టి మూడున్నర డీబీ ఎక్కువ వినబడుతుంది. మైనస్ 64 కాస్తా మైనస్ 60. మరి టవర్ మీద పక్కవాడికి? రేడియో పవర్ మూడు డీబీ తగ్గింది, వెనక గెయిన్ పెరగలేదు. మైనస్ 50 కాస్తా మైనస్ 53. ఒకవైపు మనది పెరిగింది, ఇంకోవైపు వాడిది తగ్గింది. దగ్గర దగ్గర 7 డీబీ లాభం. పైగా కిరణం వెడల్పు ఆరు డిగ్రీల నుంచి నాలుగు డిగ్రీలకి సన్నబడింది, బయటి నాయిస్ కూడా తక్కువ వినబడుతుంది.

నష్టం లేదా? ఉంది. గాలి. 60 సెంటీమీటర్ల డిష్ మీదే గంటకి 150 కిలోమీటర్ల గాలికి దాదాపు 40 కిలోల తోపు పడుతుంది. 90కి వైశాల్యం రెండుంపావు రెట్లు. కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్ళు తుఫాను సంగతి తెలిసినవాళ్ళే, మీకు చెప్పక్కర్లేదు. మేడ మీద పాతిన రెండంగుళాల జీఐ పైపుకి నాలుగు 90 డిష్‌లు తగిలిస్తే అది ఊగుతుంది. నాలుగు డిగ్రీల కిరణం, పైపు రెండు డిగ్రీలు తిరిగితే లింకు సగం పోయినట్టే. టవర్ బలం చూసుకున్నాకే పెద్ద డిష్.

డిష్ మార్చలేకపోతే ష్రౌడ్ వేయండి. డిష్ అంచు చుట్టూ లోతుగా లోహపు కట్టు వస్తుంది, లోపలివైపు శోషించే పొర ఉంటుంది. పక్కలకీ వెనక్కీ కారేది 10 డీబీ వరకు తగ్గిస్తుంది. గుర్తుందా, మనకి కావలసింది 9, 10 డీబీ అన్నాం. అదిగో. రెండు డిష్‌లకీ వేస్తే పంపేవైపు ఒకసారి, వినేవైపు ఒకసారి, రెండుసార్లు లాభం. కొనేటప్పుడు కరపత్రంలో గెయిన్ ఒక్కటే చూడకండి. ఫ్రంట్ టు బ్యాక్, అంటే ముందు వెనకల గెయిన్ తేడా, ఎంతో అడగండి. ఆ అంకె రాయని డిష్ టవర్ మీదికి తీసుకెళ్ళకండి.

ఇక్కడెవరో పోలరైజేషన్, అంటే తరంగం ఊగే దిశ, అంటున్నారు. ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెడితే చాలదా అని. పాత రేడియోల్లో, ఒకే పోలరైజేషన్‌తో నడిచే రోజుల్లో, అది మంచి ఉపాయమే. ఒక 20 డీబీ దాకా దొరికేది. కానీ ఇప్పుడు మీ రేడియో 2x2 మైమో. నిలువునా పంపుతుంది, అడ్డంగా పంపుతుంది, రెండూ ఒకేసారి. పక్కది కూడా అంతే. ఇంక తప్పించుకోవడానికి ఏ పోలరైజేషన్ మిగిలింది? దాని మీద ఆశ వదిలేయండి.

బిగింపు సంగతికి వద్దాం. పక్కపక్కన పెట్టడం కంటే ఒకదాని కింద ఒకటి పెట్టడం మేలు. పుస్తకాల్లో సూత్రం ఉంటుంది, నిలువుగా మూడు మీటర్లు విడదీస్తే 98 డీబీ, అడ్డంగా అయితే 57 అని. ఆ 98 నమ్మేసి కూర్చోకండి. అది ఖాళీ ప్రదేశంలో నిలబెట్టిన డైపోల్ యాంటెన్నాల లెక్క. మన టవర్ నిండా యాంగిల్ ఇనుము, అడ్డపట్టీలు, నిచ్చెన. ప్రతిదీ పక్కవాడి సిగ్నల్‌ని ఎగరేసి మన డిష్‌లోకి వేస్తుంది. అయినా నిలువు దూరమే మంచిది. కనీసం మీటరు, కుదిరితే మూడు.

డిష్‌ని టవర్ కాళ్ళ మధ్య నుంచి గురిపెట్టకండి. కాలు కిరణానికి అడ్డం పడితే రెండు నష్టాలు. మన సిగ్నల్ తగ్గుతుంది, ఆ ఇనుము అద్దంలా పనిచేసి మన ముందరి కిరణాన్నే, వెనకది కాదు, పూర్తి గెయిన్ ఉన్న ముందరి కిరణాన్నే, పక్క డిష్ మీదికి తిప్పుతుంది. 28 డీబీ అని మురిసిన ఫ్రంట్ టు బ్యాక్ అంతా గాలికి పోతుంది. ఏ దిక్కుకి లింకో ఆ ముఖం మీదే, బ్రాకెట్ చెయ్యి బయటికి పెట్టి బిగించండి.

ఊరికి ఇచ్చే సెక్టార్లు కూడా అదే టవర్ మీద 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే, అసలు గొడవ వాటితోనే. 90 డిగ్రీల సెక్టార్ అంటే పక్కలకి విచ్చలవిడిగా చిమ్ముతుంది. బ్యాక్‌హాల్ డిష్ ఎప్పుడూ సెక్టార్ ముందుకి రాకూడదు. సెక్టార్లన్నీ ఒక ఎత్తులో, బ్యాక్‌హాల్ అంతా వాటికి మూడు మీటర్లయినా పైన. సెక్టార్ బదులు హార్న్ యాంటెన్నా పెడితే పక్కకి కారడం బాగా తగ్గుతుంది, గెయిన్ మాత్రం తక్కువ.

ఒక చిన్న మాట, చాలామంది పట్టించుకోనిది. రేడియో వేరు, డిష్ వేరు అయినచోట మధ్యలో చిన్న జంపర్ తీగ ఉంటుంది. దాని ఎస్‌ఎంఏ కనెక్టర్ వేలితో బిగించి వదిలేస్తారు. వదులుగా ఉన్న కనెక్టర్ దానికదే చిన్న యాంటెన్నా. లోపలి నుంచి కారుతుంది, బయటి నుంచి వింటుంది. స్పానర్‌తో బిగించి, సాగదీసి చుట్టే రబ్బరు టేపు వేసి, పైన మామూలు టేపు వేయండి. కింద తీగకి, నీళ్ళు కారిపోయేలా, వంపు ఇవ్వండి. ఒక వానాకాలం దాటాక రెండు పోలరైజేషన్ల మధ్య సిగ్నల్ తేడా అయిదారు డీబీ కనబడిందంటే, కనెక్టర్లోకి నీళ్ళు వెళ్ళాయేమో ముందు అదే చూడండి.

ఇప్పుడు సమయం. అన్నిటికంటే పెద్ద లాభం ఇందులోనే ఉంది.

మన 5 గిగాహెర్ట్జ్ రేడియో పంపడం, వినడం ఒకే ఛానెల్‌లో, వంతులవారీగా చేస్తుంది. ఒక రేడియో వింటున్నప్పుడు పక్కది పంపుతోంది, అదీ గొడవ. మరి అన్నీ ఒకేసారి పంపి, అన్నీ ఒకేసారి వింటే? వినేటప్పుడు టవర్ మీద ఎవరూ మాట్లాడరు. మైనస్ 50 అన్న అంకె మాయమైపోతుంది. దీనికే జీపీఎస్ సింక్. సెకనుకి ఒకసారి ఉపగ్రహం నుంచి వచ్చే టిక్కు పట్టుకుని అన్ని రేడియోలూ తమ ఫ్రేముని, అంటే ఒక పంపే వంతూ ఒక వినే వంతూ కలిసిన చుట్టుని, ఒకే క్షణాన మొదలుపెడతాయి.

సింక్ వస్తే టవర్ మీద మూడు మీటర్లా, ఒక మీటరా అన్న ప్రశ్న అంత ముఖ్యం కాకుండా పోతుంది. ఒకే ఛానెల్‌ని ఉత్తరం లింకుకీ దక్షిణం లింకుకీ వాడుకోవచ్చు. తూర్పు పడమరలకి రెండో ఛానెల్. నాలుగు లింకులు, రెండు ఛానెల్స్. అప్పుడు అడ్డం వచ్చేదేమిటి? దక్షిణపు ఊరి నుంచి వచ్చే సిగ్నల్ ఉత్తరపు డిష్ వీపు నుంచి వినబడుతుంది. అది మనదానికంటే ఎంత తక్కువ? ఫ్రంట్ టు బ్యాక్ ఎంతో అంత. 28 అయితే 28 డీబీ తేడా. ష్రౌడ్ వేస్తే 38. కానీ రెండు ఊళ్ళ సిగ్నల్సూ టవర్ దగ్గరికి సమానంగా చేరితేనే సుమా! దక్షిణపు ఊరు 3 కిలోమీటర్లలో ఉండి, పవర్ తగ్గించకపోతే, అది పది డీబీ గట్టిగా చేరుతుంది. 28 కాస్తా 18. చూశారా, మళ్ళీ పవర్ దగ్గరికే వచ్చాం.

సింక్ ఎక్కడ చెడుతుందో చెబుతాను, రాసుకోండి.

ఫ్రేము నిడివి అన్నిటిలో ఒకటే ఉండాలి. ఒకటి రెండున్నర మిల్లీసెకన్లు, ఇంకోటి 5 పెడితే సింక్ ఉన్నా లేనట్టే. పంపే వంతుకీ వినే వంతుకీ నిష్పత్తి ఒకటే ఉండాలి. ఒక లింకుకి 75కి 25, ఇంకోదానికి 50కి 50 పెట్టారనుకోండి, ఫ్రేములో పావు భాగం ఒకటి పంపుతుంటే ఇంకోటి వింటుంటుంది. ఆ పావు భాగం చెడిపోతుంది. "ఈ ఊళ్ళో డౌన్‌లోడ్ ఎక్కువండీ" అని ఒక్క లింకుని మార్చేస్తారు, టవర్ మొత్తం దెబ్బతింటుంది. నిష్పత్తి అనేది లింకు నిర్ణయం కాదు, టవర్ నిర్ణయం.

రెండు కంపెనీల రేడియోలు ఒకదానితో ఒకటి సింక్ అవుతాయని ఆశపెట్టుకోకండి. ఇద్దరికీ జీపీఎస్ ఉంటుంది, టిక్కు ఒకటే, కానీ టిక్కు తర్వాత ఫ్రేము ఎలా కోయాలన్నది ఎవరిది వారిదే. ఒకే కంపెనీలో కూడా ఫర్మ్‌వేర్ ఒకటే ఉంచండి. వైఫై పద్ధతిలో, ఖాళీ చూసుకుని పంపే మోడ్‌లో నడిచే రేడియో టవర్ మీద ఒక్కటి ఉన్నా అది సింక్‌లో చేరదు. అదే ఛానెల్‌లో మైనస్ 50 వినబడితే "ఛానెల్ ఖాళీ లేదు" అనుకుని నోరు మూసుకుని కూర్చుంటుంది. వినబడేది వైఫై సిగ్నలే అయితే మైనస్ 82 దగ్గర కూడా ఆగిపోతుంది.

దూరం కూడా చూసుకోవాలి. సిగ్నల్ పది కిలోమీటర్లు వెళ్ళడానికి 33 మైక్రోసెకన్లు. 20కి 67. వంతు మారేటప్పుడు వదిలే ఖాళీ టవర్ మీద అన్నిటికంటే పొడవైన లింకుకి సరిపోవాలి. కొన్ని రేడియోల్లో గరిష్ఠ దూరం అని ఒక సెట్టింగు ఉంటుంది. అన్నిటిలోనూ ఒకే అంకె పెట్టండి, పొడవైనదాని అంకె.

జీపీఎస్ యాంటెన్నాకి ఆకాశం కనబడాలి. డిష్ కింద, ఇనుప పలక కింద దాచకండి. స్థానం తేల్చడానికి నాలుగు ఉపగ్రహాలు చాలు, కానీ ఎనిమిదైనా కనబడేచోట పెట్టండి. ఉపగ్రహాల మీద లాక్ పోతే కొంతసేపు రేడియో సొంత గడియారంతో నెట్టుకొస్తుంది, తర్వాత జారిపోతుంది. జారిన ఒక్క రేడియో మిగతా అన్నిటినీ చెడగొడుతుంది. కాబట్టి లాక్ పోతే హెచ్చరిక మీ ఫోన్‌కి రావాలి. లింకు పడిపోతే వచ్చే హెచ్చరికకి ఇచ్చే విలువే దీనికీ ఇవ్వండి.

ఇక అసలైన చిక్కు. కాస్త శ్రద్ధగా వినండి. టవర్ మీద రేడియోలన్నీ ఒకేసారి పంపాలి అన్నాం. అయితే అవతలి చివర్లన్నీ అప్పుడు వింటూ ఉండాలి. మన టవర్ 'ఏ'. అది ముందు పంపుతుంది. దాని అవతలి టవర్ 'బీ' ముందు వింటుంది. 'బీ' నుంచి 'సీ'కి ఇంకో లింకు ఉంది. 'బీ' మీద రేడియోలన్నీ ముందు వినాలి కాబట్టి, 'సీ' ముందు పంపాలి. ఏ పంపు, బీ విను, సీ పంపు, డీ విను. గొలుసు ఎంత పొడవైనా కుదురుతుంది.

మరి రింగ్ కట్టాలంటే? ఏ, బీ, సీ, మళ్ళీ ఏ. ఏ పంపుతుంది, బీ వింటుంది, సీ పంపుతుంది. సీ నుంచి ఏకి లింకు. ఇద్దరూ పంపేవాళ్ళే! వినేవాడెవడు? మూడు టవర్ల రింగ్ కుదరదు. అయిదు టవర్లదీ కుదరదు. బేసి సంఖ్య ఏదైనా కుదరదు. నాలుగు, ఆరు కుదురుతాయి. 15, 18 గిగాహెర్ట్జ్ లైసెన్స్ మైక్రోవేవ్ నడిపేవాళ్ళకి ఇది పాత సంగతే. అక్కడ పంపడానికొకటి, వినడానికొకటి ఫ్రీక్వెన్సీ. రెండిట్లో ఎక్కువది హై, తక్కువది లో. ఒక టవర్ మీద అందరూ హై పంపాలి, లేదా అందరూ లో పంపాలి. బేసి రింగ్‌లో ఒకచోట హై, లో కలిసిపోతాయి. అదే కారణం.

బేసి రింగ్ తప్పనిసరి అయితే, రింగ్‌లో ఒక్క లింకుని పూర్తిగా వేరే బ్యాండ్‌కి తీసేయండి. 5.8లో రింగ్ ఉంటే ఆ ఒక్కటి లైసెన్స్ బ్యాండ్‌కో, లేదా కనీసం 5.1కో. ఆ లింకుకి పెద్ద డిష్‌లు, ష్రౌడ్లు, మిగతావాటికి దూరంగా బిగింపు. పటం మీద టవర్లు గుర్తించి, పక్కన పి (పంపు), వి (విను) అని రాసుకుంటూ పోండి. రేడియోలు కొనకముందే తేలిపోతుంది.

ఛానెల్స్ పంచడం గురించి కాస్త. సింక్ లేకుండా 5725 నుంచి 5875 మధ్య 40 మెగాహెర్ట్జ్ ఛానెల్స్ ఎన్ని పడతాయి? 150 ఉంది కాబట్టి మూడు అంటారు. 5745, 5800, 5855. మధ్యలో ఖాళీ 15 మాత్రమే. ఇందాకటి లెక్క ప్రకారం మధ్య గీతకీ మధ్య గీతకీ 80 ఉండాలి. కాబట్టి రెండే. 5745, 5855. మూడోదీ నాలుగోదీ 5470 నుంచి 5725 మధ్య చూసుకోవాలి. అదీ చాలకపోతే 20 మెగాహెర్ట్జ్‌కి దిగండి. 11 డీబీతో నడిచే 40 కంటే, 27 డీబీతో నడిచే 20 ఎక్కువ డేటా మోస్తుంది. వెడల్పు ఛానెల్ మీద మోజు తగ్గించుకోవాలి మనం.

రాడార్ వినబడితే ఛానెల్ వదిలేసే ఏర్పాటు, అంటే డీఎఫ్‌ఎస్, ఆన్ అయి ఉండే ఛానెల్స్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. పక్క రేడియో విడుదల చేసే చిన్న చిన్న పల్స్‌లు చూసి మన రేడియో రాడార్ అనుకుంటుంది. ఛానెల్ వదిలేస్తుంది. కొత్త ఛానెల్‌లో నిమిషం పాటు విని గానీ మొదలుపెట్టదు. వదిలిన ఛానెల్‌కి అరగంట దాకా తిరిగి రాదు. లాగ్‌లో రాడార్ అని కనబడిన ప్రతిసారీ టైము చూడండి. సరిగ్గా పక్క లింకు మీద లోడ్ పెరిగినప్పుడే వస్తోందా? అయితే అది రాడార్ కాదు, మన రేడియోనే. డీఎఫ్‌ఎస్ ఆపేయడం దీనికి మందు కాదు. రెండు రేడియోల మధ్య దూరం, ష్రౌడ్, పవర్, వీటితోనే సరిచేయాలి.

పరీక్ష ఎలా చేయాలి? పగలు చూస్తే అన్నీ పచ్చగా ఉన్నాయన్నాం కదా, ఎందుకు? లోడ్ లేనప్పుడు రేడియో పెద్దగా పంపదు. పంపనివాడు ఎవరికి అడ్డం? రాత్రి ఎనిమిదికి అందరూ వీడియోలు పెట్టగానే నాలుగు రేడియోలూ నిండుగా పంపుతాయి. కాబట్టి ఖాళీ లింకు మీద స్పీడ్ టెస్ట్ చేసి సంతోషపడకండి. తెల్లవారుజామున నాలుగింటికి లేవండి. మూడు లింకుల మీద ఐపెర్ఫ్ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో నిండా ట్రాఫిక్ పోస్తూ నాలుగోదాని ఎస్ఎన్ఆర్, మాడ్యులేషన్, మళ్ళీ పంపిన ప్యాకెట్ల శాతం రాసుకోండి. తర్వాత మూడిటిలో ఒక్కొక్కటే ఆపుతూ రండి. ఏది ఆపితే నాలుగోది కోలుకుందో, గొడవ ఆ జతలోనే ఉంది. నాలుగు రేడియోలకీ ఇలా చేస్తే పన్నెండు అంకెల పట్టిక వస్తుంది. టవర్ ఎక్కకుండానే, ఎక్కడ ష్రౌడ్ వేయాలో, ఎక్కడ డిష్ జరపాలో తెలిసిపోతుంది.

స్పెక్ట్రమ్ స్కాన్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా రేడియోల్లో స్కాన్ మొదలుపెట్టగానే లింకు పోతుంది. అవతలి చివర స్కాన్ పెట్టి, దాన్ని ఆపడానికి దారి లేక చిక్కుకోవద్దు. టైమర్ పెట్టి చేయండి. రెండు చివర్లా చేయండి, ఎందుకంటే ఇక్కడ నిశ్శబ్దంగా ఉన్న ఛానెల్ అక్కడ గోలగా ఉండొచ్చు. ఎవరైనా పైన ఉన్నప్పుడు మాత్రం ఆ ముఖం మీది రేడియోల ట్రాన్స్‌మిట్ ఆపేయండి, హార్నెస్ లేకుండా ఎవరినీ ఎక్కించకండి.

ప్రశ్నలా? అడగండి. సరే, అందరికీ వినబడేలా చెబుతాను. ఇప్పటికే టవర్ మీద మూడు కంపెనీల రేడియోలు ఉన్నాయట, సింక్ కుదరదు, కొత్తవి కొనడానికి డబ్బు లేదు, ఏం చేయాలని అడుగుతున్నారు.

ముందు పవర్లు దించండి. ఒక్కో లింకు రెండు చివర్లా 3 డీబీ చొప్పున దించుతూ, మాడ్యులేషన్ పడిపోయేచోట ఆగి, 5 పెంచండి. ఇది ఒక్క రాత్రి పని. తర్వాత ఛానెల్స్ మార్చండి. దగ్గరదగ్గరగా ఉన్న రెండు డిష్‌లకి బ్యాండ్‌లో అన్నిటికంటే దూరంగా ఉన్న ఛానెల్స్ ఇవ్వండి, దూరంగా ఉన్న డిష్‌లు పక్క ఛానెల్స్‌లో ఉన్నా తట్టుకుంటాయి. మూడోది, ఇందాకటి పరీక్ష చేసి పట్టిక రాయండి. అప్పటికీ ఒక జత మిగిలిందంటే, ఆ రెండు డిష్‌లకి మాత్రమే ష్రౌడ్లు కొనండి, నాలుగిటికీ వద్దు. అదీ సరిపోకపోతే ఆ జతలో చిన్న లింకు రేడియోని కిందికి మూడు మీటర్లు జరపండి. జరిపేముందు అక్కడి నుంచి అవతలి ఊరు కనబడుతుందో లేదో, మధ్యలో చెట్లు, ట్యాంకులు వస్తాయో చూసుకోండి. 3 కిలోమీటర్ల లింకుకి మధ్యలో ఆరు మీటర్ల ఫ్రెనెల్ వ్యాసార్థం, అంటే చూపు గీత చుట్టూ సిగ్నల్ పరుచుకునే జాగా, ఉంటుంది. దానిలో 60 శాతం, అంటే మూడున్నర నాలుగు మీటర్లు, చూపు గీతకి కింద ఖాళీ ఉండాలి. అంత ఖాళీ ఉంటే జరపండి, లేకపోతే పైనే ఉంచి, కిరణానికి టవర్ కాలు అడ్డం రాని ఇంకో ముఖానికి మార్చండి.